మాతృత్వానికి కొలబద్ద

తల్లి ప్రేమ అనాదిసిద్ధమని మనవాళ్ల విశ్వాసం. ప్రేమ సంగతి ఎట్లా వున్నా, తల్లి ఎట్లా మెలగాలనే నియమాలు మాత్రం అనాదివి కావు. అవి కాలాన్నిబట్టి పుట్టినవి, వర్గాన్నిబట్టి పెరిగినవి.

తల్లి తన పొద్దునూ డబ్బునూ మనసునూ బిడ్డకే ధారపోయాలనే ఆదర్శం చరిత్రలో రూపుదిద్దుకున్న భావజాలమేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త షారన్ హేస్ 1996లో వాదించింది. 2013లో మిరియం లిస్, ఆమె సహపరిశోధకులు ఈ నమ్మకాన్ని కొలవటానికి 25 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో అంశాలు అయిదు: పెంపకానికి తండ్రికన్న తల్లే తగినది, పెంపకంలోనే జీవితసాఫల్యం వున్నది, పిల్లల బుద్ధికి నిరంతరం పదును పెట్టాలి, పెంపకం మహా కష్టమైన పని, ఇల్లంతా బిడ్డ చుట్టూ తిరగాలి.

ఈ మాటలు మనకు కొత్తవి కావు. వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' స్థాపించిన నాటినుంచి, 1928లో కేసరి 'గృహలక్ష్మి' వెలువడిన నాటివరకు, స్త్రీవిద్యకు సంస్కర్తలు చూపిన హేతువులలో ముఖ్యమైనది చదివిన తల్లి బిడ్డలను చక్కగా పెంచుతుందన్నది. అది ఆనాటికి ముందడుగే. కాని చదువుకు దొరికిన ఆ అనుమతి క్రమంగా స్త్రీ తీర్చవలసిన అప్పుగా మారింది.

నాంపల్లికి చేరువలోని రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి వున్నది. ఏడవ నిజాం కోడలు నిలోఫర్ పరిచారిక ఒకతె 1949లో ప్రసవవేళ సరైన వైద్యం అందక మరణించింది. ఆ దుఃఖమే 1953లో ఆసుపత్రిగా రూపొందింది. అంతఃపురాన్ని నమ్ముకున్న స్త్రీకే గతి లేకపోతే బస్తీ స్త్రీ మాట చెప్పాలా? నిలోఫర్‌కు సంతానం లేదు. పెంపకంలోనే సాఫల్యమున్నదనే వాక్యం ప్రకారం ఆమె జీవితం వెలితి. ఆమె పూనికవల్ల బతికి బయటపడిన తల్లుల లెక్క ఏ ప్రశ్నావళిలో చేరుతుంది?

ఇక ఆబిడ్స్ వీధుల్లో ఉదయంపూట నేను చూసే తల్లులు రెండు విధాలు. ఒకతె బిడ్డను పేరున్న బడిముందు దింపి ఆఫీసుకు పరుగెత్తుతుంది. మరొకతె తన చంటిదాన్ని పెద్దపిల్లకు అప్పగించి, ఆ మొదటామె ఇంట్లో అంట్లు తోమటానికి వస్తుంది. 1961 చట్టం ఉద్యోగినికి 12 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. 2017 సవరణ దానిని 26 వారాలు చేసి, 50 మంది పనిచేసేచోట శిశుసంరక్షణాలయం వుండాలన్నది. ఇంటిపని చేసే స్త్రీకి ఆ చట్టం వర్తించనేలేదు.

ఈ ఇద్దరినీ ఆ 25 వాక్యాలు అడిగితే ఒకే జవాబు రావచ్చు. ఇద్దరికీ అంకె ఒకటే, బతుకులు వేరు. కొలబద్ద నమ్మకాన్ని చూపుతుంది. ఆ నమ్మకాన్ని నెరవేర్చటానికి ఎవరి చేతులు అరిగిపోతున్నవో చూపదు. చదువులో వెనుకబడితే, జబ్బుపడితే, నింద మాత్రం ఇద్దరు తల్లులపైనా పడుతుంది.

కనుక తల్లిని కొలిచేముందు తండ్రినీ, యజమానినీ, ప్రభుత్వాన్నీ అదే ప్రశ్నలు అడగాలి. బిడ్డ జాతి సంపద అన్నప్పుడు ఆ సంపదను పెంచే ఖర్చు ఒక్క స్త్రీ ఖాతాలో రాయటం న్యాయం కాదు.