ఏఎంటీ కారులో రెండు నూనెలు: ఏది ఎక్కడ, ఎలా మార్చాలి?

క్లచ్ పెడల్ లేదు కాబట్టి ఏఎంటీ కారును చాలామంది "ఆటోమేటిక్" అనే పిలుస్తారు. మాట వరకు ఇబ్బంది లేదు. గ్యారేజీకి వెళ్లి "భాయ్, ఆటోమేటిక్ బండి, గేర్ ఆయిల్ మార్చండి" అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆ మాట నమ్మి మెకానిక్ ఏటీఎఫ్ డబ్బా తెరిచాడంటే, పోసే నూనె తప్పవుతుంది. కొన్ని వేల రూపాయలతో అయిపోవాల్సిన పని గేర్‌బాక్స్ రిపేరు దాకా వెళ్లవచ్చు.

ఏఎంటీ అంటే ఏమిటి?

ఏఎంటీ అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. డ్రైవర్ ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది. దాని పేరు ఆక్చుయేటర్. మన దేశంలో 2014లో వచ్చిన మారుతి సెలెరియోతో ఈ పద్ధతి సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. దాన్ని మారుతి "ఆటో గేర్ షిఫ్ట్" అని పిలిచింది. అందులోని ఆక్చుయేటర్ ఇటలీకి చెందిన మాన్యెటి మారెల్లి కంపెనీది. టాటా జెస్ట్, టియాగో ఏఎంటీల్లోనూ ఇదే కంపెనీ పరిజ్ఞానం వాడారు.

రెండు నూనెలు, రెండు పనులు

మొదటిది గేర్ ఆయిల్. ఇది గేర్‌బాక్స్ లోపల పళ్ల చక్రాలు, బేరింగులు అరిగిపోకుండా కాపాడుతుంది. చాలా చిన్న కార్లలో 2 లీటర్ల చుట్టూ పడుతుంది. కంపెనీ జీఎల్-4 రకం చెబితే జీఎల్-4 రకమే పోయాలి. "జీఎల్-5 ఇంకా మంచిది" అని షాపులో చెప్పినా వినొద్దు. దానిలోని గంధకం కలిసిన రసాయనాలు గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను పాడుచేసే అవకాశం ఉంది.

రెండోది హైడ్రాలిక్ ఆయిల్. ఇది ఆక్చుయేటర్‌లో విడిగా ఉండే చిన్న డబ్బాలో ఉంటుంది. లీటరు కూడా పట్టదు. ఒక ఎలక్ట్రిక్ పంపు ఈ నూనెను తోసి అక్యుములేటర్ అనే చిన్న గుండులో ఒత్తిడిగా నిల్వ చేస్తుంది. గుండులో ఒకవైపు నైట్రోజన్ గ్యాస్, మరోవైపు నూనె ఉంటాయి. ఆ ఒత్తిడే క్లచ్‌ను నొక్కుతుంది, గేరును మారుస్తుంది. ఇలాంటి చాలా కార్లలో డ్రైవర్ డోర్ తెరవగానే "జుయ్" మని వినిపించే శబ్దం ఈ పంపుదే.

అన్ని ఏఎంటీల్లో హైడ్రాలిక్ ఆయిల్ ఉండదన్నది గుర్తుపెట్టుకోవాలి. హ్యుందాయ్ సాంట్రో ఏఎంటీ లాంటి వాటిలో ఎలక్ట్రిక్ మోటార్లే ఆ పని చేస్తాయి. మీ బండి ఏ రకమో ఓనర్స్ మాన్యువల్ చూసి, లేదంటే సర్వీస్ సెంటర్‌లో అడిగి ముందే తెలుసుకోవాలి.

గేర్ ఆయిల్ మార్చే తీరు

ఎప్పుడు మార్చాలో మాన్యువల్‌లో కిలోమీటర్లలోనూ, ఏళ్లలోనూ రాసి ఉంటుంది. ఏది ముందొస్తే అదే లెక్క.

1. బండిని కాసేపు నడిపి ఆపాలి. నూనె కాస్త వెచ్చబడితే మొత్తం దిగుతుంది. మరీ కాలిపోతుంటే చెయ్యి పెట్టొద్దు.
2. బండి సమతలంగా లేవాలి. ర్యాంప్ గానీ, గట్టి స్టాండ్లు గానీ ఉండాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.
3. ముందు నూనె పోసే బోల్ట్ విప్పాలి, ఆ తర్వాతే దించే బోల్ట్. ఈ వరస తప్పొద్దు. పాత నూనె దించేశాక పై బోల్ట్ బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.
4. దిగిన నూనెను చూడాలి. అడుగు బోల్ట్‌కు అయస్కాంతం ఉంటే దానికి సన్నని ఇనుప పొడి అంటుకోవడం మామూలే. ముక్కలు, పలుకులు కనిపిస్తే లోపల ఏదో విరిగిందని అర్థం.
5. కొత్త వాషర్ వేసి బోల్ట్ బిగించాలి. చాలా గేర్‌బాక్స్‌లలో పై రంధ్రం అంచుదాకా నూనె రావడమే సరైన లెవెల్. మరికొన్నింటిలో కొలిచి పోయాలి. ఈ విషయంలోనూ మాన్యువల్ మాటే ఆఖరు.

హైడ్రాలిక్ ఆయిల్ జోలికి సొంతంగా వెళ్లొద్దు

గేర్ ఆయిల్ అనుభవం ఉన్న లోకల్ మెకానిక్ చేయగలడు. హైడ్రాలిక్ పని అలా కాదు. ఈ వ్యవస్థలో ఒత్తిడి 40 బార్ చుట్టుపక్కల ఉంటుంది. టైరులో గాలి 2 బార్ పైచిలుకే ఉంటుందని గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. ఇంజిన్ ఆపేసినా గుండులో ఒత్తిడి మిగిలే ఉంటుంది. పైపు విప్పితే నూనె కళ్లలోకి చిమ్మే ప్రమాదం ఉంది.

అందుకే ముందు స్కానర్ పెట్టి ఒత్తిడి దించాలి. లెవెల్ కూడా కంపెనీ చెప్పిన స్థితిలోనే చూడాలి. నూనె గుండులోకి వెళ్లినప్పుడు డబ్బాలో లెవెల్ తగ్గి కనిపిస్తుంది, ఒత్తిడి దిగితే పెరుగుతుంది. ఇది తెలియక పైదాకా నింపేస్తే తర్వాత పొంగిపోతుంది. నూనె మార్చాక గాలి బయటికి తీయాలి. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. స్కానర్ లేని చోట ఈ పని పూర్తికాదు.

ఇంకో హెచ్చరిక. "క్లచ్ ఆయిలే కదా" అని ఆ డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ పోసేవాళ్లున్నారు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న మాన్యువల్ కార్లలో సాధారణంగా బ్రేక్ ఫ్లూయిడే వాడతారు కాబట్టి ఈ పొరపాటు వస్తుంది. ఖనిజ నూనెకు తయారైన రబ్బరు సీళ్లు బ్రేక్ ఫ్లూయిడ్ తగిలితే దెబ్బతింటాయి. డబ్బా మూత మీద, మాన్యువల్‌లో ఏ పేరుంటే అదే పోయాలి.

కొన్ని కంపెనీలు ఈ నూనె మార్చే గడువే ఇవ్వవు, లెవెల్ చూసుకోమని మాత్రమే చెబుతాయి. ఇది మూసి ఉన్న వ్యవస్థ కాబట్టి నూనె ఖర్చయిపోదు. లెవెల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నింపి వదిలేయకుండా లీకేజీ వెతికించాలి.

తప్పు నూనెదేనా?

గేరు ఆలస్యంగా పడటం, నడుస్తూ నడుస్తూ న్యూట్రల్‌కు వచ్చేయడం, పంపు పదే పదే మోగడం, గేర్ లైటు వెలగడం... ఇవన్నీ చూపించుకోవాల్సిన లక్షణాలే. కానీ ప్రతిసారీ కారణం నూనె కాదు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, క్లచ్ ప్లేటు అరిగినా ఇలాగే అవుతుంది. ముందు బ్యాటరీ చూపించి, స్కానర్‌లో ఎర్రర్ కోడ్ చదివించాకే ఖర్చుకు ఒప్పుకోవాలి.

డ్రైవింగ్ అలవాటు కూడా ముఖ్యమే. రంజాన్ సాయంత్రాల్లో చార్మినార్, టోలిచౌకి వైపు అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో క్లచ్‌కే భారం ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేచోట బండిని యాక్సిలరేటర్ మీద నిలబెట్టకుండా బ్రేక్ మీద నిలపాలి.

బిల్లు, పాత నూనె

బిల్లులో "ఆయిల్ చేంజ్" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు. నూనె పేరు, గ్రేడు, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాయించుకోవాలి. రేపు బండి అమ్మేటప్పుడు ఆ కాగితమే సాక్ష్యం. ఐబు దాచి అమ్మకూడదన్నది మన దీన్ నేర్పే మాట. సెకండ్ హ్యాండ్ ఏఎంటీ కొనేవాళ్లు కూడా ముందు ఈ బిల్లులే అడగాలి.

దిగిన పాత నూనెను మోరీలో పోయడం నేరం, పాపం కూడా. దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పంపే గ్యారేజీలోనే దాన్ని వదిలి రావాలి.