నల్లరేగడి, ఇసుక, జీపు

1941లో అమెరికా సైన్యమునకై విల్లీస్ కంపెనీ నిర్మించిన జీపులో ఇంజను బలము నాలుగు చక్రములకును అందును. 1952లో సమాజాభివృద్ధి పథకము మొదలైన పిదప అది మన పల్లెలలో బ్లాకు అధికారుల బండి అయినది. 1977 నవంబరు 19న ఉప్పెన రేపల్లె తీరమును ముంచినట్టి వేళలలో సాయము చేరుటకు ఇట్టి బండియే కావలెను. కాని దానిని ఈ నేలకు తగినట్లు సవరింపవలెను. తెనాలి, రేపల్లె పొలములలో నల్లరేగడి టైరు గాడులలో నిండి, టైరు నునుపై జారును; కనుక లోతైన, ఎడమెడమైన గాడులు మేలు. బాపట్లవద్ద సూర్యలంక ఇసుకలో గాలి కొంత తగ్గించినచో టైరు పరచుకొని బరువును పంచును. గట్టి రోడ్డెక్కగానే మరల గాలి నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి చెడును. బరువైన ఇనుప సామగ్రి బిగించుట ఇక్కడ దండుగయని నా తలంపు. సన్నని ఇనుప పట్టా గల ఎడ్లబండి రేగడిలో ఏల కూరుకొనునో విద్యార్థులు దీనినిబట్టియే ఊహింపగలరు.