పంచరు పనికీ ఒక చరిత్ర ఉన్నది

వార్షిక సంచికలలో చరిత్ర అనగానే నవాబుల చరిత్ర, కోటల చరిత్ర, కవుల చరిత్ర వ్రాయడం పరిపాటి. అవి వ్రాయవలసినవే, కాదనము. కాని మన సభ్యుల ఇళ్ళలో పంచరు డబ్బులతో పొయ్యి వెలిగే ఇళ్ళు తక్కువేమీ కావు. ఆ పనికి ఒక చరిత్ర ఉన్నదని మనలోనే చాలామందికి తెలియదు. పైగా "పంచర్లు వేసుకునేవాళ్ళు" అనే మాటను ఎగతాళిగా వాడేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. స్కూల్లో నాన్న ఏం చేస్తాడని అడిగితే మన పిల్లలు "బిజినెస్" అని చెప్పి తప్పించుకుంటున్నారు. అందువల్ల ఈసారి టైరు సంగతి ఎత్తుకున్నాము.

గాలి టైరును మొట్టమొదట ఆలోచించినవాడు స్కాట్లాండు దేశస్థుడు రాబర్ట్ థామ్సన్. 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, దాని మీద తోలు తొడిగి గుర్రపు బండ్లకు బిగించాడు. పని చేసింది గాని కాలం కలిసి రాలేదు, జనం మర్చిపోయారు. నలభై ఏళ్ళు పోయాక, 1888లో, బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ అదే పని చేశాడు. లోకం డన్‌లప్ పేరే గుర్తు పెట్టుకున్నది. థామ్సన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయినా పేరు మాత్రం పోలేదు.

గాలి టైరు పుట్టిన రోజే పంచరూ పుట్టింది. అప్పటి టైరును చక్రానికి జిగురుతో అంటించేవారు. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మోఁ ఫెరాఁ పట్టణంలో ఒక సైకిలు సవారీ టైరు పాడై మిషెలిన్ సోదరుల రబ్బరు ఫ్యాక్టరీకి వచ్చాడట. ఊడదీసి బాగు చేసేసరికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టాయి. తెల్లవారి తొక్కి చూస్తే కొంత దూరంలోనే మళ్ళీ గాలి పోయింది! అప్పుడు ఆ అన్నదమ్ములకు తట్టింది, టైరు ఊడి వచ్చేదిగా ఉండాలని. 1891లో అటువంటి టైరుకు పేటెంటు పొందారు. ఆ ఏడాదే పారిస్ నుండి బ్రెస్ట్ వెళ్ళి వచ్చే పెద్ద పందెంలో వారి టైర్లతో తొక్కిన షార్ల్ టెరాఁ గెలిచాడు. దారిలో కూర్చుని పంచరు వేసుకోవచ్చునని లోకానికి తెలిసింది అప్పుడే. మా దృష్టిలో మన వృత్తి పుట్టిన సంవత్సరం 1891.

ఇక మోటారు కార్ల సంగతి. తొలినాళ్ళలో కారుకు అదనపు చక్రం ఉండేది కాదు. పంచరు పడితే దొరగారైనా సరే, దుమ్ములో కూర్చుని టైరు విప్పవలసిందే. ఇంగ్లండు పక్కనున్న వేల్సు దేశంలో లానెల్లీ అనే ఊరు ఉన్నది. అక్కడ స్టెప్నీ స్ట్రీట్‌లో ఇనుప సామాను వ్యాపారం చేసే డేవీస్ సోదరులు 1904లో ఒక ఉపాయం పన్నారు. ఆకులు లేని ఉత్త రిమ్ముకు గాలి నింపిన టైరు ఎక్కించి, పంచరైన చక్రానికి పక్కన బిగించి నడిపించేయడం. దానికి వీధి పేరే పెట్టారు. ఇంగ్లండులో ఈనాడు ఆ మాట అంటే ఎవరికీ అర్థం కాదు. మన దగ్గర మాత్రం కారు నుంచి లారీ దాకా ఏ డ్రైవరును అడిగినా "స్టెప్నీ ఉందా?" అంటాడు. వంద ఏళ్ళు దాటిన వీధి పేరును మన డ్రైవర్లూ క్లీనర్లూ నోట నిలుపుకున్నారు.

హైదరాబాదు రాజ్యంలో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. అదే తర్వాత పెరిగి 1958లో ఆర్టీసీ అయింది. మన దేశంలోనే టైర్లు తయారు కావడం కూడా ఆ కాలపు మాటే. బెంగాలులోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ 1936లో వచ్చింది. మద్రాసులో 1946లో పిల్లల బుడగలు చేసిన మామ్మెన్ మాప్పిళ్ళై కంపెనీ 1952లో అరిగిన టైరు మీద వేసే రబ్బరుకు, అంటే మన రీబటన్ పనికి కావలసిన సరుకుకు, దిగింది. అదే ఎమ్మారెఫ్.

బస్సులు, లారీలు పెరిగిన కొద్దీ రోడ్డు పక్క పంచరు బంకులు వెలిశాయి. పాత టైరును తాటికి వేలాడదీసి తెల్ల రంగుతో "పంచర్" అని రాస్తే అదే బోర్డు. హైవే మీద ఈ బంకులు పెట్టినవారిలో కేరళ సోదరులు చాలామంది, మనవాళ్ళూ చాలామంది. స్కూలు మానిన పిల్లవాడు ఉస్తాదు దగ్గర చేరి, ముందు నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూడడం, తర్వాత ఆకురాయితో గీకి సొల్యూషన్ పూయడం, ఆ తర్వాతే లీవర్లు పట్టడం. సర్టిఫికెట్టు లేని చదువు. కూలి పనికంటె నయమే గాని, పిల్లవాడి బడి పోయిందన్న మాట మాత్రం మనం దాచుకోకూడదు. 2006 సచార్ కమిటీ నివేదిక ముస్లిములలో జీతం ఉద్యోగాలకంటె స్వంత పని మీద బతికేవారి పాలు ఎక్కువని చెప్పింది. మన వీధిలో నడిచి చూసినా అదే తెలుస్తుంది.

ఈ పనిలో ప్రాణం పోయే చోటు ఒకటున్నది. అది లారీ చక్రపు లాక్ రింగు. రింగు సరిగా కూర్చోకుండా నూరు పౌండ్ల గాలి కొడితే అది తూటాలాగ లేస్తుంది. ఎదురుగా వంగి ఉన్నవాడి ముఖం మీదికే వస్తుంది. అమెరికాలో 1980లోనే ఇటువంటి చక్రాన్ని ఇనుప బోనులో పెట్టే గాలి కొట్టాలని రూలు పెట్టారు. మన బంకులలో చక్రం రంధ్రాల గుండా గడ్డపార దూర్చడం, గొలుసు చుట్టడం వంటివి తెలిసిన ఉస్తాదులు చేస్తారు. తొందరలో చోటూకు చెప్పేవారెవరు? "ఏం కాదులే భాయ్" అన్న మాట ఎన్ని ఇళ్ళను ఆర్పిందో! గాలి గొట్టం పొడుగ్గా పెట్టుకుని పక్కకు నిలబడితే ఖర్చు ఏమీ లేదు.

ఇప్పుడు బండి మన దగ్గరికి రావడం తగ్గి, మనమే బండి దగ్గరికి పోయే రోజు వచ్చింది. ఇది మరీ కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1905లో పుట్టిన ఆటోమొబైల్ అసోసియేషన్ మనుషులు మొదట సైకిళ్ళ మీద తిరిగేవారు. 1920లకు మోటారు సైకిలు పక్క తొట్టిలో పనిముట్లు పెట్టుకుని దారిలో ఆగిన కార్లకు సాయం చేసేవారు. మన దగ్గర ఒకప్పుడు క్లీనరే టైరును ఎదురొచ్చిన లారీ మీద వేసుకుని ముందూరి బంకుకు పోయి, బాగు చేయించి తెచ్చేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ అగచాట్లు తగ్గినవి. ట్యూబులెస్ టైర్లు వచ్చాక చిన్న మేకు పంచరుకు చక్రం ఊడదీయకుండానే జిగురు పుల్ల దూర్చి గాలి కొట్టేయవచ్చు. రోడ్లు నాలుగు వరుసలు అయిన చోట పాత బంకులు కొన్ని లేచిపోయాయి. ఆ కుటుంబాలకు ఇది బతుకు దారి కాగలదు.

జాకీ, వీల్ స్పానర్, పుల్లలు, ప్యాచీలు, కారు బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్, ఇవన్నీ పాత స్కూటరు మీద పడతాయి. ట్యూబు పని చేతిలో ఉన్న పిల్లలు కొత్తగా నేర్వవలసినవి రెండు. టైరు పక్క గోడ తెగితే పుల్ల పెట్టకూడదు, డబ్బు పోయినా సరే కాదనాలి. రెండోది, రాత్రి పూట హైవే మీద పని మొదలుపెట్టే ముందు వెనక దూరంగా ఎర్ర త్రికోణం పెట్టి, బండిని వీలైనంత అంచుకు జరిపించి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి.