ప్రోస్టేట్‌లో క్యాన్సర్‌కు ముందరి మార్పులు

ప్రోస్టేట్ గ్రంథిలోని సన్నని నాళాల లోపలి పొర కణాలు క్యాన్సర్ కణాల పోలిక తెచ్చుకుని, ఇంకా ఆ పొర దాటి బయటికి రాని స్థితిని ప్రోస్టేటిక్ ఇంట్రాఎపిథీలియల్ నియోప్లేసియా, పొట్టిగా ‘పిన్’ అంటారు. బయాప్సీ రిపోర్టులో ఈ పేరు చూడగానే గుండె జారిపోతుంది. కానీ ఇది క్యాన్సర్ కాదు. ఈ మాట రోగికి మొదటే చెప్పాలి.

ఇలాంటి దశ ఉండవచ్చని అమెరికా పాథాలజిస్టు జాన్ మెక్‌నీల్ 1960లలోనే సూచించాడు. 1986లో డేవిడ్ బాస్ట్‌విక్‌తో కలిసి దాన్ని గుర్తుపట్టే లక్షణాలు రాసి, మూడు స్థాయిలుగా విడదీశాడు. అప్పటికి దాని పేరు డిస్‌ప్లేసియా. మరుసటి ఏడాది బాస్ట్‌విక్, మైకేల్ బ్రాయర్ ‘పిన్’ అని పిలిచారు. 1989లో నిపుణుల సదస్సు ఆ పేరునే ఖాయం చేసి, మూడు స్థాయిలను తక్కువ, ఎక్కువ అని రెండుకు కుదించింది. తక్కువ స్థాయి విషయంలో పాథాలజిస్టుల మధ్యే ఏకాభిప్రాయం కుదరదు, దానివల్ల ముప్పు పెరుగుతుందన్న రుజువూ లేదు. అందుకే దాన్ని రిపోర్టులో రాయడం మానేశారు.

పిన్ వల్ల ప్రోస్టేట్‌కు చేసే రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ చెప్పుకోదగ్గంతగా పెరగదు, వేలితో పరీక్షిస్తే తగలదు. సూదితో తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. కణాలు ఒకదానిమీదొకటి ఒత్తుకుని కుచ్చుల్లా లోపలికి పొడుచుకొస్తాయి. కేంద్రకాలు ఉబ్బి, వాటిలోని కేంద్రకాంశాలు చుక్కల్లా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నాళం అంచున ఉండే బేసల్ కణాలే అసలు ఆనవాలు. ప్రత్యేక రంజనం వేస్తే ఆ కణాలు గోధుమరంగు గీతలా తేలుతాయి. పిన్‌లో ఆ గీత అక్కడక్కడా తెగినా, ఉంటుంది. క్యాన్సర్‌లో ఉండదు.

బయాప్సీలో ఆరు ముక్కలే తీసే రోజుల్లో, పిన్ కనిపించినవారికి మళ్లీ బయాప్సీ చేస్తే చాలామందిలో క్యాన్సర్ బయటపడేది. దాంతో పిన్ అంటే మళ్లీ సూది తప్పదన్నట్టయింది. పది, పన్నెండు ముక్కలు తీయడం మొదలయ్యాక ఆ నిష్పత్తి సుమారు నలుగురిలో ఒకరికి పడిపోయింది. మొదటిసారే తగినన్ని ముక్కలు తీయకపోవడం వల్ల తప్పిపోయిన క్యాన్సర్లే అంతకుముందు లెక్కను పెంచాయన్నమాట. ఇది తెలిశాక ఎందరికో అనవసరపు సూదిపోటు తప్పింది. ఇప్పుడు ఒక్కచోటే పిన్ ఉంటే వెంటనే మళ్లీ బయాప్సీ అక్కర్లేదు. రెండు మూడు ముక్కల్లో ఉంటే ముప్పు ఎక్కువ కనుక ఎంఆర్ఐ, మరో బయాప్సీ ఆలోచిస్తారు.

పిన్ క్యాన్సర్‌గా మారకుండా మందుతో ఆపాలనీ చూశారు. సెలీనియం, టోరెమిఫీన్ రెండూ పెద్ద పరీక్షల్లో నిలవలేదు. పిన్ ఒక్కటే ఉన్నప్పుడు ఆపరేషన్, రేడియేషన్, హార్మోను మందులు ఏవీ అక్కర్లేదు. పీఎస్ఏ చూసుకుంటూ డాక్టరును కలుస్తుంటే చాలు. రిపోర్టులో ‘ఏసాప్’ అని ఉంటే మాత్రం సంగతి వేరు. అది క్యాన్సరో కాదో తేల్చలేని కొద్దిపాటి గ్రంథుల గుంపు. దానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ బయాప్సీ చేస్తారు.