గోల్ కొట్టినవాడు, కొట్టించినవాడు

బాన్సువాడలో డ్రిల్ సారుగా పనిచేసినన్నాళ్లూ పిల్లల చెవిన ఒక పేరు వేస్తుండేవాణ్ని: షబ్బీర్ అలీ. క్రికెటర్ అజహరుద్దీన్ అంటే లేచి నిలబడి చెప్పే పిల్లలకు, అదే హైదరాబాద్‌లో పుట్టిన ఈ ఫుట్‌బాల్ ఆటగాడు ఎవరో తెలిసేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

షబ్బీర్ పుట్టింది 1956లో. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా హైదరాబాదువాడే. రహీం సాబ్ 1963లో పోయేనాటికి షబ్బీర్‌కు ఏడేళ్లు. ఆయన దగ్గర నేర్చుకునే వయసు కాదు. కానీ ఆయన నేర్పిన ఆట ఊరి మైదానాల్లో మిగిలిపోయింది. బంతిని కాలికి అంటించుకుని పరుగెత్తకూడదని షరతు పెట్టి పోటీలు జరిపించాడాయన. వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. మొదటి షరతు నేనూ మా బడి పిల్లలకు పెట్టి చూశాను. తొలిరోజుల్లో ఒకరికొకరు తగిలి పడ్డారు. తర్వాత్తర్వాత బంతి తన దగ్గరికి రాకముందే తలెత్తి, పక్కవాడు ఎక్కడున్నాడో చూసుకోవడం మొదలుపెట్టారు. ఫుట్‌బాల్ అక్కణ్నుంచే వస్తుంది.

1974లో బ్యాంకాక్‌లో ఆసియా యువజన పోటీల ఫైనల్ ఇరాన్‌తో 2–2గా ముగిసింది. రెండు దేశాలూ ఉమ్మడి విజేతలు. మన కెప్టెన్ షబ్బీర్. ఆ తర్వాత బొంబాయిలో టాటా జట్టు, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. ముందు వరసలో ఆడేవాడికి కలకత్తా ప్రేక్షకుల ముందు నిలబడడమే పెద్ద పరీక్ష. అంతకుముందు హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఆ పరీక్ష నెగ్గాడు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టి, తర్వాత టాటా అకాడమీలో పిల్లలకు కోచ్ అయ్యాడు.

షబ్బీర్ కోచ్‌గా ఇంకా ముందుకు పోయాడు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో మొదలైంది. మొదటి రెండు టైటిళ్లు పంజాబ్ జేసీటీకి, మోహన్ బగాన్‌కు పోయాయి. 1998–99లో గోవా సల్గావ్‌కర్ జట్టు గెలిచింది. గోవా క్లబ్ ఆ లీగ్ గెలవడం అదే మొదలు. కోచ్ మన షబ్బీర్. ముందు వరసలో బ్రూనో కుటిన్హో. గోల్ ముందు నిలబడ్డ మనిషికే గోల్ ముందు నిలబడేవాడి అవసరం తెలుస్తుందని నా నమ్మకం. 2011లో షబ్బీర్‌కు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది, ఫుట్‌బాల్ ఆటగాళ్లలో అందరికన్నా ముందు ఆయనకే.

మన నిజామాబాద్ బిడ్డ గుగులోతు సౌమ్య ఇవాళ దేశం తరఫున ముందు వరసలో ఆడుతోంది. బాన్సువాడ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ప్రతి బడి మైదానంలో రెండు గోల్ పోస్టులు పాతించండి, బంతులు కొనివ్వండి.