కొత్తరెడ్డిపాలెం యూదులు: వంశస్మృతి, కులచరిత్ర

గుంటూరు జిల్లా చేబ్రోలుకు చేరువలోని కొత్తరెడ్డిపాలెంలో 1990ల ఆరంభం నుంచి యూదుల ప్రార్థనాలయం ఒకటి నడుస్తున్నది. యూదులు సినగాగ్ అనే ఇటువంటి ప్రార్థనాలయాన్ని తెలుగు బైబిలు సమాజమందిరం అని పిలుస్తుంది. అక్కడ కూడుకొనే కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకొంటాయి. ఈ కుటుంబాలు మాదిగ సమాజానికి చెందినవి. ఒకటి రెండు తరాల వెనుక అవి క్రైస్తవంలో ఉండేవి. ఈ సంఘాన్ని నిలబెట్టిన సోదరులు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి. వారిలో పెద్దవాడైన షమూయేలు మొదట క్రైస్తవ బోధకుడు. సంఘం వంశగాథను ఆయన 2002లో ఆంగ్లంలో గ్రంథస్థం చేశాడు.

ఆ గాథ మూలం పాత నిబంధనలో ఉన్నది. యాకోబు మనుమడు, యోసేపు రెండవ కుమారుడు అయిన ఎఫ్రాయిము పేరిట వెలసిన గోత్రం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో ప్రధానమైనది. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం ఆ రాజ్యాన్ని కూల్చి ప్రజలను చెరపట్టిన తరువాత అక్కడి పది గోత్రాల జాడ చరిత్రకు అందలేదు. ఆ గోత్రంలో ఒక శాఖ పారశీకం మీదుగా ఉత్తర భారతానికి, అక్కడినుంచి దక్షిణానికి వచ్చిందనీ, కాలక్రమంలో ఇక్కడి వర్ణవ్యవస్థ దానిని ఊరి వెలుపలికి నెట్టిందనీ సంఘం చెబుతుంది. గోమాంసం తినడం, మృతులను ఖననం చేయడం వంటి ఆచారాలను అందుకు సాక్ష్యంగా చూపుతుంది.

చరిత్రకారుడి కొలతతో చూస్తే ఈ సాక్ష్యం చాలదు, ఎందుకంటే ఖననమూ గోమాంసాహారమూ దక్షిణాదిలో అనేక సమాజాలకు ఉమ్మడి ఆచారాలు. దీనికి భిన్నంగా, కొచ్చిన్ యూదులకు సుమారు క్రీస్తుశకం 1000 నాటి, జోసెఫ్ రబ్బాన్ పేరిట ఉన్న తామ్రశాసనం ఉన్నది. శనివారం గానుగ ఆపివేసినందున శనివార్ తేలీలు అని పేరుపడిన కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వారి పూర్వికతను 2016లో వెలువడిన జన్యు అధ్యయనం కూడా బలపరచింది. తెలుగు నేలకు యూదులు అసలే రాలేదని కాదు; యూదు కుటుంబంలో పుట్టిన పారశీక కవి సర్మద్ 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో కొంతకాలం ఉన్నాడు, జాక్ ద పైవా వంటి యూదు వర్తకులు గోల్కొండ వజ్రాల కోసమే మద్రాసులో స్థిరపడ్డారు. అయితే వారికీ కొత్తరెడ్డిపాలానికీ సంబంధం చూపగల ఆధారమేదీ లేదు.

కాబట్టి ఈ వంశస్మృతికి మూలాన్ని ప్రాచీన వలసమార్గాల్లో కంటే 19వ శతాబ్ది తెలుగు పల్లెల్లో వెతకడమే న్యాయం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో మిషనరీ క్లో నాయకత్వాన బాప్టిస్టు మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. ఖమ్మం పల్లెలకు చేరువలోని డోర్నకల్ కేంద్రంగా 1912 నుంచి బిషప్ అజరయ్య నడిపిన ఆంగ్లికన్ మండలిలోనూ అధికులు మాల, మాదిగలే. అక్షరం నిషిద్ధమైన వాడల్లోకి ఈ విధంగా బైబిలు వచ్చింది, దానితోపాటు బానిసత్వం నుంచి బయటపడిన ఒక జాతి కథ కూడా వచ్చింది. యాకోబు తన కుడిచేతిని పెద్దవాడైన మనష్షేను విడిచి చిన్నవాడైన ఎఫ్రాయిము తలపై ఉంచి దీవించిన ఘట్టం, తరతరాలుగా కడపటి వరుసలో నిలబెట్టబడిన వారికి ఎంత దగ్గరగా తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

బైబిలు రాకముందే మాదిగ సమాజానికి తన పుట్టుకను గురించి ఒక ఘనమైన కథ ఉన్నది. చిందువారు ఆడి, డక్కలివారు పటం విప్పి చెప్పే జాంబపురాణం ప్రకారం మాదిగల మూలపురుషుడైన జాంబవంతుడు భూమికంటే ముందు పుట్టినవాడు. అరుంధతి వారి ఆడపడుచు. హీనత తమకు ఆదిలో లేదనీ, అది మధ్యలో తెచ్చిపెట్టబడినదనీ ఆ పురాణం చెబుతుంది. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించిన సభ పంచమ అనే పేరును త్రోసిపుచ్చి ఆది ఆంధ్ర అనే పేరును స్వీకరించినప్పుడు అదే వాదం రాజకీయ రూపం ధరించింది. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులపై మారణకాండలు జరిగాయి. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. బెనె ఎఫ్రాయిము రూపుకట్టినది ఈ సంవత్సరాల్లోనే, ఈ నేలమీదనే. ఈ సంఘంపై 2013లో గ్రంథం ప్రచురించిన పరిశోధకులు యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ కూడా దానిని దళిత విముక్తి చరిత్రలో భాగంగానే పరిశీలించారు. రక్తసంబంధం రుజువు కాకపోవడాన్ని వంచనగా భావించేవారు ఈ వరుసను గమనించలేదనే చెప్పాలి: అవమానాన్ని పుట్టుకతో ముడివేసిన సమాజంలో, గౌరవం కోరేవారు మరొక పుట్టుకను వెతుక్కోవడం అత్యంత సహజం.

ఆ వెతుకులాట నిత్యజీవితాన్ని నిజంగానే మార్చింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేవరకు విశ్రాంతిదినం పాటించడం, మగబిడ్డలకు సున్నతి చేయించడం, హీబ్రూ నేర్చుకోవడం ఈ కుటుంబాలు పట్టుదలతో అలవరచుకొన్న క్రమశిక్షణలు.

గుర్తింపు మాత్రం రెండు వైపులా చిక్కుపడింది. యూదు ధర్మశాస్త్రం తల్లి యూదురాలై ఉండాలని, లేదా విధివిహితంగా మతప్రవేశం జరగాలని కోరుతుంది. భారతదేశంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలతో కలిపి, షెడ్యూల్డ్ కుల హోదాను హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం చేసినందున, యూదులమని కాగితంమీద ప్రకటించుకొనే కుటుంబం పిల్లల చదువుకూ ఉద్యోగానికీ ఆధారమైన రిజర్వేషను వదులుకోవలసి వస్తుంది. మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనషే, అనగా మనష్షే సంతతి అని చెప్పుకొనే వారిని, ఇజ్రాయెల్ అప్పటి ప్రధాన రబ్బీలలో ఒకరైన ష్లోమో అమార్ 2005లో లుప్తగోత్ర వారసులుగా అంగీకరించాడు. వారిలో వేలమంది మతప్రవేశ విధిని పూర్తిచేసి ఆ దేశంలో స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలెం కుటుంబాలకు అటువంటి అంగీకారం దక్కలేదు.