టైరు గీసిన కారు

లగ్జరీ గ్రాండ్ టూరింగ్ కారు కొనబోయేవాళ్లు షోరూమ్‌లో అడుగుపెట్టగానే ఇంజిన్ గురించి అడుగుతారు. ఎన్ని సిలిండర్లు, ఎంత హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు? ఈ తరహా కార్లకు ఒరవడి దిద్దిన 1952 నాటి బెంట్లీ కాంటినెంటల్ కథ తెలిస్తే ఆ ప్రశ్నల వరస మారిపోతుంది. దాన్ని తయారుచేసినవాళ్లకు ఇంజిన్ గురించి పెద్ద బెంగ లేదు. ఎంత హార్స్‌పవరో కంపెనీ బయటికి చెప్పనే లేదు. వాళ్లను పట్టి పీడించింది టైర్లు. కారు ఎంత బరువుండాలి, బంపర్లు ఏ లోహంతో చేయాలి, సీటు చట్రం ఎంత సన్నగా ఉండాలి అన్న సంగతులన్నీ చివరికి ఆ నాలుగు టైర్లే తేల్చాయి.

కథకు మొదలు మాత్రం రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, పారిస్‌లో ఉంది. అప్పట్లో బెంట్లీ కొనడమంటే చట్రం, ఇంజిన్, చక్రాలు కొనడమే. పైన బాడీ ఎలా ఉండాలో కొన్నవాళ్లు తమకు నచ్చిన బాడీ వర్క్‌షాపుకు వెళ్లి చెప్పి చేయించుకునేవారు. పారిస్‌లో ఉండే ఆంద్రే ఎంబిరికోస్ అనే గ్రీకు రేసర్ 1938లో నాలుగుంబావు లీటర్ల బెంట్లీ చట్రం తీసుకుని, దాని మీద గాలిని చీల్చుకుపోయే బాడీ కట్టించుకున్నారు. గీసింది జార్జ్ పోలాన్, కట్టింది పూర్తూ వర్క్‌షాపు. పోలాన్ చదువుకున్నది దంతవైద్యం. కారు పైకప్పు మొత్తాన్ని డిక్కీలోకి దించిపెట్టే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నదీ ఆయనే. అందమైన బెంట్లీలు అప్పటికే చాలా ఉన్నాయి. నిటారు రేడియేటర్, విడివిడిగా నిలబడ్డ హెడ్‌లైట్లు, గోడలా లేచిన అద్దం వాటి అందం. పోలాన్ అవన్నీ తీసేసి, ముందు నుంచి వెనక్కి ఒకే వంపుగా జారిపోయే రూపం ఇచ్చారు.

ఆ రూపం ఏం చేసిందో 1939లో ఇంగ్లండ్‌లోని బ్రూక్లాండ్స్ ట్రాక్ మీద తేలింది. జార్జ్ ఐస్టన్ నడిపితే, ఆ కారు గంటసేపట్లో 114.64 మైళ్లు, అంటే 184 కిలోమీటర్లకు పైగా పరిగెత్తింది. యుద్ధం ముగిశాక 1949లో ల మాన్ 24 గంటల పందెంలో దిగి ఆరో స్థానంలో నిలిచింది. అప్పటికి దాని వయసు పదకొండేళ్లు! అది రేసు కోసం పుట్టిన కారు కూడా కాదు, సూట్‌కేసు పెట్టుకుని ఊళ్లు తిరగడానికి చేయించుకున్నది.

రోల్స్‌రాయిస్ కంపెనీకి (1931 నుంచి బెంట్లీ యజమాని అదే) పారిస్‌లో ప్రతినిధిగా ఉన్న వాల్టర్ స్లీటర్ ఈ కారు విలువను ముందే గుర్తించారు. ఫ్రాన్స్ జాతీయ రహదారులు చెట్ల వరసల మధ్య మైళ్లకొద్దీ తిన్నగా పోతాయి. ఆ రోడ్డు మీద రోజంతా అదే వేగంతో పోగల కారు కావాలని అక్కడి కస్టమర్లు అడుగుతున్నారు. అందుకని కంపెనీ సొంతంగానే పోలాన్ గీతతో కార్నిష్ అనే నమూనా కారు తయారుచేయించింది. ఫ్రాన్స్‌లో పరీక్షలు జరుగుతుండగా దానికి ప్రమాదం జరిగింది. చట్రాన్ని ఇంగ్లండ్‌కు పంపారు. బాగుచేసిన బాడీ ఓడ కోసం దియెప్ రేవులో ఎదురుచూస్తూ బాంబుదాడిలో నాశనమైంది. పోలాన్ బ్రిటిష్ గూఢచార వర్గాలకు సాయపడ్డారు. 1942 మార్చిలో జర్మన్లు ఆయనను కాల్చి చంపారు. మోటారు కార్ల చరిత్ర రాసేవాళ్లు ఈయన దగ్గర ఇంకొంచెం సేపు ఆగాలని నాకనిపిస్తుంది. ఆయన తర్వాత పదేళ్లకు వచ్చిన కారు వెనకభాగంలో ఆయన చేతిగీత కనిపిస్తుంది.

యుద్ధం అయ్యాక కార్ల తయారీ క్రూ పట్టణానికి మారింది. యుద్ధకాలంలో మెర్లిన్ విమాన ఇంజిన్లు చేసిన ఫ్యాక్టరీ అది. అప్పుల్లో కూరుకుపోయిన బ్రిటన్‌కు డాలర్లు, ఫ్రాంకులు కావాలి. ఎగుమతి చేసేవాళ్లకే ఉక్కు దొరికే రోజులు. క్రూలో తయారయ్యే బెంట్లీ మార్క్ సిక్స్ మంచి కారే గాని నిటారుగా, బరువుగా ఉండేది, గాలికి ఎదురొడ్డేది. అప్పుడు ఐవన్ ఎవర్న్‌డెన్ అనే ఇంజినీరు పాత ఆలోచనను మళ్లీ బల్ల మీదకు తెచ్చారు. ఆయన కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ రాయిస్ దగ్గరే పనిచేసినవారు. 1930లో రోల్స్‌రాయిస్ ఫాంటమ్ టూ కాంటినెంటల్ రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. బాడీ రూపం బాధ్యత జాన్ బ్లాచ్లీది.

వాళ్లు వేసుకున్న లెక్క మనమూ వేయవచ్చు. గాలిని తోసుకుపోవడానికి కావాల్సిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాని ఘనంగా పెరుగుతుంది. గంటకు 145 కిలోమీటర్ల నుంచి 185కు పోవాలంటే వేగంలో పెంపు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, శక్తి మాత్రం రెట్టింపు కావాలి. శక్తిని రెట్టింపు చేసే ఇంజిన్ పెడితే బరువూ చప్పుడూ పెట్రోలు ఖర్చూ పెరుగుతాయి. లేదా గాలికి అడ్డొచ్చేదాన్ని తగ్గించాలి. ఎవర్న్‌డెన్ రెండో దారి పట్టారు. కంపెనీకి హక్నాల్‌లో విమాన పరీక్షల కేంద్రం ఉంది. అసలు కారులో నాలుగో వంతు కొలతతో నమూనా చేసి గాలి సొరంగంలో పరీక్షించారు. రేడియేటర్‌ను అంగుళంన్నర కిందికి దించారు. వెనక మడ్‌గార్డుల మీద చిన్న మడతలాంటి ఎత్తు పెట్టారు. అది సోకు కోసం పెట్టింది కాదు. పక్కగాలి కొట్టినా ఆ వేగంలో కారు తిన్నగా పోవడానికి పెట్టింది.

ఇక టైర్ల సంగతి. ఆ రోజుల్లో బరువైన పెద్ద కార్లకు అంత వేగాన్ని గంటలకొద్దీ తట్టుకునే టైరు లేదు. అందులో ఏం జరుగుతుందో చూడండి. కాంటినెంటల్‌కు వేసిన టైరు 16 అంగుళాల చక్రం మీద కూర్చునేది. గంటకు 185 కిలోమీటర్ల వేగంలో ఆ టైరు సెకనుకు ఇరవై సార్లకు పైగా తిరుగుతుంది. నేలను తాకే చోట బరువు పడి పక్కగోడ నొక్కుకుపోతుంది, పైకి రాగానే మళ్లీ సాగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేలికి వేడి తగులుతుంది కదా, లోపల జరిగేదీ అదే. బరువు పెరిగితే నొక్కు పెరుగుతుంది. వేగం పెరిగితే సెకనుకు నొక్కుల లెక్క పెరుగుతుంది. వేడి ఒక హద్దు దాటితే పైపొర ఊడిపోతుంది. అంత వేగంలో అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. అందుకని ఇంజినీర్లు హద్దు గీసుకున్నారు. కారు బరువు 34 హండ్రెడ్‌వెయిట్లు, అంటే సుమారు 1,727 కిలోలు దాటకూడదు. దాటితే ఆ వేగానికి టైర్లు ఒప్పుకోవు.

బాడీ కట్టే పని లండన్‌కు చెందిన హెచ్.జె. ముల్లినర్‌కు అప్పజెప్పారు. కర్ర చట్రం మీద రేకు కొట్టే పాత పద్ధతి వదిలి, తేలిక లోహపు చట్రం మీద అల్యూమినియం రేకులు బిగించారు. కిటికీల చట్రాలు, ముందు అద్దం చట్రం, సీట్ల చట్రాలు, చివరికి బంపర్లు కూడా తేలిక లోహమే. ఇంత కోసినా తోలు సీట్ల మెత్తదనం పోలేదు, డ్యాష్‌బోర్డు మీది చెక్క పోలేదు. నలుగురు కూర్చునే చోటూ, డిక్కీలో వాళ్ల పెట్టెలు పట్టే చోటూ మిగిలాయి. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఏది తీసేస్తే ప్రయాణం చేసే మనిషికి లోటు తెలియదో వెతికి వెతికి అదే తీశారు.

ఇంజిన్ మార్క్ సిక్స్‌లోనిదే. వరసగా ఆరు సిలిండర్లు, 4,566 సీసీ. ఇన్‌లెట్ వాల్వులు పైన, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన. కంప్రెషన్ కొంచెం పెంచారు, పొగ గొట్టం వెడల్పు చేశారు. అసలు పని వెనక ఇరుసులో జరిగింది. మామూలు కారులో చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.727 సార్లు తిరగాలి. కాంటినెంటల్‌లో దాన్ని 3.077కు తగ్గించారు. ఫలితం కాగితం మీద వేసి చూస్తే, పాత ఇరుసుతో 185 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు దాటి అరవాలి. కొత్త ఇరుసుతో 4,200 దగ్గర చాలు. మామూలు కారుకు అంత పొడవైన గేరు పెడితే గాలి ఒత్తిడికి ఇంజిన్ లాగలేదు. తేలికగా, నున్నగా ఉన్న కారు కాబట్టి లాగింది. మూడో గేరులోనే గంటకు 160 కిలోమీటర్లు అందుకుని, నాలుగో గేరులో తీరిగ్గా పోయేది.

1951 ఆగస్టుకు నమూనా సిద్ధమైంది. రిజిస్ట్రేషన్ నంబరు ఓఎల్‌జీ 490 కావడంతో దానికి ఓల్గా అన్న ముద్దుపేరు స్థిరపడింది. సెప్టెంబరులో పారిస్‌కు దక్షిణాన ఉన్న మోంలేరి ట్రాక్‌కు తీసుకెళ్లారు. స్టీరింగ్ పట్టింది వాల్టర్ స్లీటర్. ఐదు చుట్లకు సగటు వేగం గంటకు 118.75 మైళ్లు, అంటే 191 కిలోమీటర్లు. నలుగురు కూర్చునే కారుకు అప్పట్లో ఊహకందని వేగం. తర్వాత అమ్మకానికి వచ్చిన కార్లలో పైకప్పును ఇంకో అంగుళం దించారు. రెండు ముక్కల ముందు అద్దం స్థానంలో ఒకే వంపుటద్దం పెట్టారు.

1952లో కారు బయటికి వచ్చింది, మొదట ఎగుమతికి మాత్రమే. తర్వాత బ్రిటన్‌లో పన్నుతో కలిపి దాని ధర 7,608 పౌండ్లు. కొనగల బ్రిటిష్ సంపన్నుడు దాన్ని యూరప్ రోడ్ల మీదికి తీసుకుపోదామన్నా వెంట తీసుకెళ్లే డబ్బు మీద ప్రభుత్వం కట్టుదిట్టంగా ఆంక్షలు పెట్టిన రోజులవి. యూరప్ ఖండం కోసమే చేసి, ఆ పేరే పెట్టిన కారును సొంత దేశంవాళ్లు ఆ ఖండంలో మనసారా తిప్పుకోలేకపోయారు.

దాన్ని నడపడంలో ఉన్న సుఖం వేగంలో కంటే చేతికీ కాలికీ అందే పనిముట్లలో ఎక్కువ. కుడిచేతి స్టీరింగ్ కార్లలో గేరు లివర్ డ్రైవరుకూ తలుపుకూ మధ్య, కుడిచేతి పక్కన ఉండేది. స్టీరింగ్ చక్రం నడుమ చిన్న మీట ఉండేది. రాళ్ల రోడ్డు వస్తే ఒకలా, తిన్నని రహదారి మీద వేగం పెంచినప్పుడు ఒకలా వెనక షాక్ అబ్జార్బర్ల గట్టితనాన్ని దానితో మార్చుకోవచ్చు. కాలి దగ్గర ఇంకో పెడల్ ఉండేది. అప్పుడప్పుడు దాన్ని తొక్కితే సన్నని గొట్టాల గుండా చట్రంలోని కీళ్లన్నిటికీ నూనె చేరేది. మెకానిక్ దగ్గరికి పోకుండా, కారు ఆపకుండా, ప్రయాణం మధ్యలోనే. దూరాలు పోయేవాడి అవసరాన్ని ఇంత దగ్గరగా ఆలోచించిన కార్లు ఆ రోజుల్లో అరుదు.

అయితే కొన్నవాళ్లు కొన్నవాళ్లే. ఇంకా మెత్తని సీట్లు కావాలన్నారు, గట్టి బంపర్లు కావాలన్నారు, కొందరు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కోరారు. ఒక్కొక్కటిగా బరువు వెనక్కి వచ్చింది. దాన్ని లాగడానికి 1954లో ఇంజిన్‌ను 4,887 సీసీకి పెంచారు. ఈలోగా టైర్లు మెరుగవుతూ వచ్చాయి కాబట్టి సరిపోయింది గాని, ఈ చేర్పుల్లో కొన్ని ఆ కారు ఆలోచనకే ఎదురెళ్లాయని నేను గట్టిగా నమ్ముతాను. తొలి తేలిక కార్ల కోసం ఇవాళ్టికీ సేకర్తలు వెతుకుతున్నారంటే కారణం ఉంది. 1955లో ఆ మోడల్ ఆపేనాటికి ఓల్గాతో కలిపి 208 తయారయ్యాయి. వాటిలో అత్యధికం ముల్లినర్ బాడీతోనే.

అదే సమయంలో ఇటలీ ఇంకో దారిలో అక్కడికే చేరింది. 1951లో ట్యూరిన్ ప్రదర్శనలో లాంచియా తెచ్చిన అరేలియా బి20 జీటీకి రెండు లీటర్ల చిన్న వీ6 ఇంజిన్ చాలింది. ఆ ఏడాది మిల్లె మిల్యా పందెంలో తనకంటే ఎంతో పెద్ద ఇంజిన్ ఉన్న ఫెరారీ వెనకే రెండో స్థానంలో నిలిచింది. ధరలోనూ పరిమాణంలోనూ బెంట్లీకి పోలికే లేదు. తేలికగా కట్టి, గాలిని మన్నించి, లోపల మనిషిని సుఖంగా కూర్చోబెట్టిన తీరు మాత్రం ఒకటే.

2003లో వచ్చిన బెంట్లీ కాంటినెంటల్ జీటీ వెనక చక్రం మీద ఉబ్బిన ఆ వంపు చూస్తే 1952 కారు గుర్తొస్తుంది. ఆరు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజిన్, గంటకు 318 కిలోమీటర్ల వేగం, బరువు రెండు టన్నులకు బాగా పైన. రేడియల్ టైర్లు వచ్చాక పాత హద్దు చెరిగిపోయింది. ఇవాళ ఇలాంటి కారు ఎంచుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదే గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లు, కాబట్టి 318 అన్న అంకె పక్కన పెట్టండి. టెస్ట్ డ్రైవ్ కాలనీ చుట్టూ పది నిమిషాలు కాకుండా విజయవాడ రోడ్డు మీద రెండు గంటలు అడగండి. 100 వేగంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూడండి, నడుము ఏమంటోందో వినండి. వెనక సీట్లో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టండి, డిక్కీలో మీ పెట్టెలే పెట్టి చూడండి. టైరు మారిస్తే ఎంతవుతుందో, ఆ కొలత మన ఊళ్లో దొరుకుతుందో లేదో కూడా అడగండి.

ఓల్గా ఇప్పటికీ ఉంది. 1960లో ఫ్యాక్టరీ దాన్ని బెంట్లీ డ్రైవర్స్ క్లబ్‌కు చెందిన స్టాన్లీ సెడ్జ్‌విక్‌కు అమ్మింది. దియెప్‌లో పోయిన కార్నిష్‌ను కూడా క్రూలోని బెంట్లీ వారి ముల్లినర్ విభాగం పాత చిత్రాల ఆధారంగా మళ్లీ కట్టి 2019లో బయటికి తెచ్చింది. పోలాన్ గీసిన బాడీ ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ చక్రాల మీద నిలబడింది.